మిర్చి కొట్లో మాక్రో

నా అసలు పేరు మాక్రో1. పెట్టింది ఎక్సెల్. రికార్డు బటన్ నొక్కి, పేరు అడిగినచోట ఏమీ మార్చకుండా ఓకే కొడితే పుట్టే మొదటివాడికి ఎక్కడైనా ఆ పేరే. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టువారి ఖాతాల ఫైల్లో ఉంటాను. అందులో రైతుకో షీటు. ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, దింపాడు, రకం తేజానా, 334ఆ, తాలు ఎంత, ఏ రేటుకి పోయింది, ముందే తీసుకున్న అడ్వాన్సు ఎంత, అంతా అందులోనే. సీజను ఊపందుకుంటే షీట్లు వంద దాటతాయి. అడుగున ట్యాబులన్నిటికీ షీట్1, షీట్2 అనే పేర్లుంటే ఎవరి లెక్క ఎక్కడుందో ఏం తెలుస్తుంది? గుమస్తాగారు ఒక్కో ట్యాబు మీద రెండుసార్లు నొక్కి నంబరూ పేరూ కొట్టుకుంటూ కూర్చునేవారు. బీకాం చదువుతూ సాయంత్రాలు లెక్కలు చూడ్డానికి వచ్చే అమ్మాయి అది చూసి, "బాబాయ్, దీనికో మాక్రో పెడదాం" అంది. అలా పుట్టాను.

పుట్టినప్పుడు నాకు బుద్ధి లేదు. రికార్డర్‌కి చూసింది చూసినట్టు రాయడమే తెలుసు. షీట్1 అనే దాన్ని తీసుకో, దానికి ఈ పేరు పెట్టు, అంతే. రెండోసారి నొక్కేసరికి షీట్1 అనేదే లేదాయె. రన్ టైమ్ ఎర్రర్ 9 అంటూ ఆగిపోయాను. అమ్మాయి ఆల్ట్, ఎఫ్11 నొక్కి లోపలికొచ్చి నన్ను మొత్తం తిరగరాసింది. పేరు చూసి కాదు, వరస చూసి నడవమంది. ఎడమ చివరి నుంచి మొదలుపెట్టు, ఎన్నోదైతే ఆ నంబరు వెయ్యి, పక్కన బి2 గడిలో ఉన్న రైతు పేరు చేర్చు. పాత ట్యాబు పేరుకే నంబరు తగిలిస్తే రెండోసారికి 007 007 అని పోగుపడుతుంది కాబట్టి, పేరు గడిలోంచే తెచ్చుకోమంది. 7 కాకుండా 007 అని వెయ్యమనడానికీ కారణం ఉంది. ట్యాబుల పేర్లను జాబితాగా తీసి అక్షరక్రమంలో పెడితే 2 కన్నా 10 ముందొచ్చి కూర్చుంటుంది.

పేర్ల విషయంలో ఎక్సెల్ పట్టింపులు నాకన్నా ఎవరికీ బాగా తెలియవు. ముందుకీ వెనక్కీ వాలిన గీతలు, చుక్కల జంట, ప్రశ్నార్థకం, నక్షత్రం, చతురస్రపు బ్రాకెట్లు పనికిరావు. తేదీని 12/03 అని రాస్తే ఒప్పుకోదు. తండ్రి పేరుకి ముందు గుమస్తాలు అలవాటుగా రాసే ఎస్/ఓ కూడా అంతే. పొడవు 31 దాటకూడదు. ఇక్కడే తెలుగువాళ్లకి నష్టం. వెంకటేశ్వరరావు అంటే కంటికి ఏడక్షరాలే. ఎక్సెల్ మాత్రం గుణింతాన్నీ పొల్లునీ విడివిడిగా లెక్కేసి పద్నాలుగంటుంది. మేడికొండూరు పదకొండు. నంబరు, మధ్యలో ఖాళీలు కలుపుకుంటే ముప్ఫై. ఇక ఇంటిపేరు పొడి అక్షరానికి కూడా చోటుండదు. పోనీ 31 దగ్గర కోసేద్దామంటే ఒత్తు మధ్యలో కత్తి పడుతుంది. అందుకని ఊరి పేరు ట్యాబు మీద వద్దనుకున్నారు.

ఇంకో విచిత్రం. మొదటి షీటుకి జాబితా అని పేరు పెట్టమని అమ్మాయి నా ఒంట్లో తెలుగులో రాయబోయింది. నన్ను రాసే కిటికీకి తెలుగు రాదు. మా భాష వీబీఏ 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది, ఆ కిటికీ ఇప్పటికీ యూనికోడ్ నేర్చుకోలేదు. తెలుగు ఎంత అతికించినా వరసగా ప్రశ్నార్థకాలే పడ్డాయి. వాటిని తీసుకెళ్లి ట్యాబుకి పెడదామంటే ప్రశ్నార్థకం నిషిద్ధాక్షరం! అదే మాట గడిలో రాసిపెడితే నేను పొల్లుపోకుండా మోసుకెళ్తాను. చదవడం రాకపోయినా మొయ్యడం వచ్చు.

అసలు పరీక్ష అప్పుడు కాదు, వరస మారినప్పుడు వచ్చింది. లెక్క తేలిపోయిన రైతుల షీట్లను గుమస్తాగారు కుడి చివరికి లాగేసి మళ్లీ నంబర్లు వెయ్యమనేవారు. ఆ కొట్లో కోటేశ్వరరావులు చాలామంది. కోటప్పకొండ దగ్గరున్న సీమ కదా మరి. పక్కపక్కనే ఉన్న ఇద్దరిలో 007 ఆయన షీటు కుడికి పోతే 008 ఆయన 007కి జరగాలి, అప్పటికి 007 కోటేశ్వరరావు అనే పేరు ఇంకా వెళ్లినాయన దగ్గరే ఉంది. ఒక ఫైల్లో ఒకే పేరు ఇద్దరికుండకూడదు. ఎర్రర్ 1004. సగం ట్యాబులకి కొత్త నంబర్లు, సగానికి పాతవి, మధ్యలో నేను. వెనక్కి తీసుకుందామంటే నేను చేసిన పనికి కంట్రోల్ జెడ్ లేదు. కొత్తగా నంబర్లు వెయ్యడం ఎవరైనా చేస్తారు, ఉన్న నంబర్లు మార్చడంలోనే పనితనమంతా ఉంది. పెళ్లి బంతిలో కూర్చున్నవాళ్ల వరస మార్చాలంటే ముందు అందర్నీ లేపాలి కదా. అమ్మాయి నాకదే నేర్పింది. మొదటి విడతలో అందరి పేర్లూ తీసేసి టెంప్1, టెంప్2 అని పెడతాను. రెండో విడతలో అసలు పేర్లు. ఈ రెండు విడతలు లేని తోటి మాక్రోలను చూస్తే నాకు జాలి.

వేరే షీట్లలోని ఫార్ములాలు పేరు మారినా వాటంతటవే సర్దుకుంటాయి. ఇన్‌డైరెక్ట్ ఫార్ములాలో షీటు పేరును మాటగా రాసిపెడితే మాత్రం అది పాత పేరే పట్టుకుని #రెఫ్! అని ఏడుస్తుంది. ఆ పాపం నాది కాదు.

ఒకరోజు 011 తర్వాత 013 కనిపించింది. "పన్నెండేదమ్మాయ్?" అన్నారు గుమస్తాగారు. ఎవరూ పలకలేదు. యజమానిగారు తమ ఇంటి ఖాతా షీటొకటి అదే ఫైల్లో దాచిపెట్టారు. వరసలో అది కంటికి కనపడకపోయినా నా లెక్కకి అందుతుంది. ఆ తర్వాత కనిపించే షీట్లకే నంబరు వెయ్యమని నాకో షరతు పడింది.

నా జాతి మీద లోకానికి అనుమానం ఎక్కువ, దానికి కారణాలూ ఉన్నాయి. 1996లో ఎక్సెల్‌కి లారూ, 1999లో వర్డ్‌కి మెలిస్సా, రెండూ మాక్రోల రూపంలో వచ్చిన వైరస్‌లే. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైల్లో మాక్రోలుంటే 2022 నుంచి మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది. ఆడిటర్‌గారికి మెయిల్లో వెళ్తే ఎర్రపట్టీ కింద నోరు మూసుకుని పడుండాలి. ఎవరైనా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే అసలు నేనే ఉండను.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ ఒక రైతు ఫోను. "నాది నలభై మూడు కదండీ, డబ్బు పడిందా?" అన్నాడాయన. గుమస్తాగారు 043 తెరిస్తే అది వేరే ఆయన లెక్క. రైతు చేతిలో ఉన్న చీటీ మీద నలభై మూడే ఉంది. నేను మాత్రం మధ్యలో చాలాసార్లు నంబర్లు మార్చేశాను. కాగితం మీద ఉన్న నంబరు నా మాట వినదు. నేను ఇన్నాళ్లూ వేసింది కుర్చీ నంబరు, వాళ్లకి కావాల్సింది మనిషి నంబరు.

అమ్మాయి ఆ సాయంత్రమే బి1 గడిలో రైతు నంబరు ఒక్కసారి రాసి తాళం వేసింది. ఇప్పుడు నేను వరస లెక్కపెట్టను, గడిలో ఉన్న నంబరే తెచ్చి ట్యాబు మీద పెడతాను. లెక్క తేలినవాళ్లు కుడికి పోతే 041 పక్కన 058 ఉంటుంది. యజమానిగారికి ఆ ఎగుడుదిగుడు నచ్చదు. "వరసగా పెట్టకూడదా?" అని అడుగుతుంటారు. "చీటీలు వెనక్కి తెప్పించండి, పెడదాం" అంటారు గుమస్తాగారు.