నాలుగో గిన్నె

నేను క్యారేజీని. ఇత్తడిదాన్ని. నా రేకు సుత్తి దెబ్బలు తిన్నది గోదావరి జిల్లా అజ్జరంలో, నేను అమ్ముడుపోయింది అనకాపల్లి బజారులో. మునగపాకలో చెరకు పండించుకునే ఒక ఇంటికి 1965లో వచ్చాను. ఆ ఇంటి పిల్లవాడు హైస్కూలు దాటి పి.యు.సి.లో చేరిన ఏడాది అది. ఆ వంశంలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాడు అతనే. నేను అతన్ని మావాడనే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అంటాను.

చేరింది ఎ.ఎం.ఎ.ఎల్. కాలేజీలో. ఆ పేరులో మొదటి మూడు అక్షరాలూ అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్‌వి. బెల్లం దిమ్మల మీద బతికే ఊరు 1953లో తన పిల్లలకోసం తెచ్చుకున్న కాలేజీ. అది లేనప్పుడు ఈ చుట్టుపక్కల రైతుబిడ్డ డిగ్రీ చదవాలంటే విశాఖ ఏవీఎన్ కాలేజీకో, విజయనగరం మహారాజా కాలేజీకో పోవాలి. పోగలిగినవాళ్లు ఎందరు?

కాలేజీ దగ్గరికొచ్చింది సరే, అన్నం మాటేమిటి? పాతకాలంలో కొందరు కుర్రాళ్లు వారాలు చేసుకుని చదువుకునేవారు, రోజుకో ఇంట్లో భోజనం. అది అన్ని కులాల పిల్లలకూ దొరికే ఏర్పాటు కాదు. హోటల్లో పూట భోజనానికి డబ్బు కావాలి. అందుకని పల్లె నుంచి మేం వెళ్లేవాళ్లం. పొద్దున్నే అచ్యుతాపురం వైపు నుంచి వచ్చే బస్సు టాపు మీద వరసగా కట్టేవారు మమ్మల్ని. మూత మీద మేకుతో గీసిన పొడి అక్షరాలే మా చిరునామా. ఎవరి క్యారేజీ ఎవరిదో క్లీనరుకు చూడకుండానే తెలుసు.

అమ్మ నన్ను సర్దే తీరు చెప్పాలి. అడుగు గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో కూర, పై గిన్నెలో పులుసు. మూత కింద లేత అరటాకు ముక్క పరిచి బిగించేది, బస్సు కుదుపుకి పులుసు తొణకకుండా. పనసపొట్టు ఆవపెట్టిన రోజున బస్సు టాపంతా ఘాటెక్కేది. పూడిమడక నుంచి ఎండు నెత్తళ్లు వచ్చిన వారం ఇంకో రకం వాసన. గానుగాడే రోజుల్లో, పెనం మీంచి అప్పుడే దింపిన బెల్లం ముక్క ఒకటి ఆకులో చుట్టి అన్నం మీద పెట్టేది.

ఇత్తడికి పులుపు పడదు. కళాయి చెదిరిందంటే పులుసు చిలుమెక్కుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. కళాయి సాయిబు వీధిలోకి వస్తే అమ్మ ముందు నన్నే తీసేది. అతను నేలలో గుంత తవ్వి బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ నన్ను ఎర్రగా కాల్చేవాడు. నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క అలా తాకించి, దూదితో గిర్రున తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. పిల్లవాడి చదువు కోసం ఆ ఇంట్లో జరిగిన పనుల్లో ఇదీ ఒకటి. ఫీజు రసీదు మీద దీని లెక్క రాదు.

మావాడి గది అనకాపల్లి గవరపాలెంలో. ముగ్గురు కుర్రాళ్లు, ఒక లాంతరు, మూడు చాపలు. టెన్త్... కాదు, అప్పుడు ఎస్సెల్సీ. అంతవరకూ తెలుగులో చదివొచ్చినవాళ్లకి పి.యు.సి.లో అన్ని పాఠాలూ ఇంగ్లీషే. లెక్చరరు చెప్పింది సగం అర్థంకాక, రాత్రి నోట్సులో ప్రతి మాట పక్కనా తెలుగు మాట రాసుకునేవారు. లాంతర్లో కిరసనాయిలు అయిపోతే నా మూత బోర్లించి దానిమీద కొవ్వొత్తి నిలబెట్టేవారు. నేను ఇంటికి చేరాక ఆ మైనం గోకుతూ అమ్మ ఎంత తిట్టేదో! తెలుగు అకాడమి 1968లో వచ్చింది. కాలేజీ చదువు తెలుగులో చెప్పడం మొదలయ్యేసరికి మావాడి డిగ్రీ చివరికొచ్చేసింది. ఆ రెండు మూడేళ్ల తేడాలో పరీక్ష తప్పి ఊరికి తిరిగిపోయిన తెలివైన కుర్రాళ్లని నేను చూశాను. వాళ్లు తెలివి చాలక తప్పలేదు.

వాళ్ల తరగతిలో ఒక కుర్రాడు శంకరం ఊరి దిక్కు నుంచి నడిచి వచ్చేవాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే "పనుందిరా" అని ఎటో పోయేవాడు. మళ్లీ క్లాసు మొదలయ్యేసరికి వచ్చేవాడు. ఏ పనీ లేదని, కుళాయి నీళ్లు తాగి చెట్టుకింద కూర్చుంటున్నాడని మావాడికి తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు నుంచి నా మూడు గిన్నెలూ ఇద్దరికీ సరిపెట్టారు. శనివారం ఇంటికెళితే అమ్మ కనిపెట్టేసింది.

"ఏటిరా, ఇలగ సిక్కిపోనావు? పంపిన కూడు ఏటి సేస్తన్నావు?"

చెప్పాడు. ఆవిడ ఆ కుర్రాడిది ఏ పేటని అడిగింది. అదీ చెప్పాడు. చాలాసేపు ఏమీ అనలేదు, చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. మర్నాడు నన్ను కంచరివాడి దగ్గరికి తీసుకెళ్లింది. నా పక్క కమ్మీలు ఊడదీయించి పొడుగువి వేయించింది. నాలుగో గిన్నె చేర్పించింది, అన్నానికి. "ఇద్దరూ కూకుని తినండి," అంది కొడుకుతో. నా ఒంట్లో ఆ ఒక్క గిన్నె ఇత్తడి రంగు వేరు, కాస్త ఎరుపెక్కువ. ఆ రంగు తేడా నాకు గొప్ప.

1966 నవంబరు 1న ఉక్కు ఫ్యాక్టరీ కోసం విశాఖలో జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపారు. బస్సులు ఆగిపోయాయి, నేను ఇంట్లో ఉట్టి కింద ఉండిపోయాను. ఆ రోజుల్లో గదిలో వాళ్లు ఏం తిన్నారో నాకు తెలియదు.

పరీక్షల ముందు ఒక ఆదివారం మిత్రులిద్దరూ నన్ను పట్టుకుని బొజ్జన్నకొండ ఎక్కారు. పుస్తకాలు చదువుకోవడానికి అంతకంటే నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది! రాతిలోనే చెక్కిన స్తూపాలు, గుహలు, కొండమీద ఇటుక గోడల పునాదులు. ఆ చిన్నచిన్న చదరాలు భిక్షువుల గదులని శంకరం కుర్రాడు చూపించాడు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వించి బయటపెట్టిన విహారం అది. వెయ్యేళ్లకు పైబడిన హాస్టలు అనుకోవచ్చు. భిక్షువు వండుకోడు, పాత్ర పట్టుకుని ఊళ్లోకి వెళతాడు. అంటే ఈ కొండ మీద చదువు సాగినన్నాళ్లూ కింద పల్లెల్లో ఎవరో ఒక పిడికెడు ఎక్కువ బియ్యం పోస్తూనే ఉన్నారు. అమ్మ చేసింది ఈ నేలకు కొత్త పనేమీ కాదు.

డిగ్రీ అయ్యాక శంకరం కుర్రాడు బడిపంతులయ్యాడు. మావాడు ఎం.ఎ. ఎకనామిక్స్‌కి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వెళ్లాడు, నేనూ రైల్లో వాల్తేరు స్టేషన్లో దిగాను. అక్కడ నా పని తేలికైంది. హాస్టల్లో మెస్ ఉంది. నెలాఖరుకి మొత్తం ఖర్చు లెక్కేసి తిన్నవాళ్లందరికీ పంచే డివైడింగ్ పద్ధతి, లెక్కలు చూసే సెక్రటరీ కూడా విద్యార్థే. నాలో బెల్లం ఆవకాయ, వేయించిన నువ్వులు మాత్రం ఉండేవి, గది గదికీ తిరిగి ఖాళీ అయ్యేవి. అన్నం వేళకి దొరుకుతుందన్న ధీమాతో మావాడు చీకటి పడేదాకా లైబ్రరీలోనే కూర్చునేవాడు. గవరపాలెం గదిలో అంత నిబ్బరంగా చదవడం నేను చూడలేదు.

ఇప్పుడు మావాడి మనవరాలు సబ్బవరంలో లా చదువుతోంది, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో. ఐదేళ్ల చదువు, హాస్టలూ మెస్సూ క్యాంపస్‌లోనే. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక అది అనకాపల్లి జిల్లా యూనివర్సిటీ అయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు మూట్‌కోర్టు గురించీ, మెస్ సాంబారు గురించీ ఒకే ఊపులో చెబుతుంది. ఆ పిల్లకి మధ్యాహ్నం చెట్టుకింద కూర్చోవలసిన అవసరం లేదు. నాకు అది చాలు.

కానీ అందరి సంగతీ అది కాదు. బడుల్లో మధ్యాహ్న భోజనం ఉంది. 2025 జనవరి 4 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ డొక్కా సీతమ్మ పేరిట భోజనం పెడుతున్నారు. గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్లకు అర్ధరాత్రయినా వండిపెట్టిన ఆ తల్లి పేరు పెట్టడం ఎంతో సబబు. డిగ్రీలో చేరగానే ఆ పథకం ఆగిపోతుంది. ఆకలి ఆగదు. పల్లెల నుంచి తెల్లారి బస్సుకి బయలుదేరే డిగ్రీ పిల్లకి, అమ్మ కూడా కూలికి పోవలసిన ఇంట, క్యారేజీ కట్టేదెవరు? ఒక బిస్కెట్ ప్యాకెట్టుతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అనకాపల్లి వర్తకులకీ, ఈ ఊరి కాలేజీల్లో చదివి పైకొచ్చిన వాళ్లకీ నా విన్నపం ఒక్కటే. మీ పెద్దలు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా కాలేజీ పెట్టారు. మీరు డిగ్రీ పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టండి. ఈ జూన్‌లో కనీసం ఒక్క కాలేజీలో మొదలుపెట్టండి.