ఓడల ఆచూకీ: ఒక ఉపగ్రహం ఆత్మకథ

నా పేరు సెంటినెల్-1ఎ. 2014 ఏప్రిల్ 3న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ కేంద్రం నుంచి సోయుజ్ రాకెట్ నన్ను పైకి మోసుకొచ్చింది. ఏడేళ్ళు పనిచేస్తే చాలనుకుని ఐరోపా అంతరిక్ష సంస్థ నన్ను పంపింది. పదేళ్ళు దాటినా, భూమికి 693 కిలోమీటర్ల ఎత్తున, ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి తిరుగుతూనే ఉన్నాను. వరద నీళ్ళు ఎంతమేర పరుచుకున్నాయో, నేల ఎక్కడ కుంగుతోందో, ధ్రువాల దగ్గర మంచు ఎటు కదులుతోందో చెప్పడం నా దినచర్య. ఆ సంగతులు ఇంకెప్పుడైనా చెబుతాను. ఇవాళ ఓడల గురించి చెప్పాలి.

నేను తీసేవి మామూలు ఫొటోలు కావు. పన్నెండు మీటర్ల పొడవున్న నా యాంటెన్నా నుంచి ఐదున్నర సెంటీమీటర్ల రేడియో తరంగాలను ఏటవాలుగా కిందికి పంపుతాను. తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో చిత్రం కడతాను. అందుకే రాత్రయినా, వర్షాకాలపు మబ్బులైనా నా పనికి అడ్డురావు. నీళ్ళు నిలకడగా ఉంటే తరంగాలు వాటి మీద జారి అటే పోతాయి, నా దాకా రావు. అక్కడ చిత్రం నల్లగా పడుతుంది. ఓడ అలా కాదు. ఇనుప గోడలు, డెక్కు, పక్కనే నీటిమట్టం కలిసి మూలలు ఏర్పడతాయి. ఆ మూలల్లో పడిన తరంగం రెండు మూడు సార్లు తగిలి తిన్నగా నా వైపే మళ్ళుతుంది. నల్లటి నీళ్ళలో తెల్లటి చుక్క మెరుస్తుంది. గాలి లేచి అలలు రేగితే సముద్రమంతా బూడిదరంగుకు తిరుగుతుంది, చిన్న చుక్కలు అందులో కలిసిపోతాయి. నాకు కష్టకాలం అదే.

చమురు కూడా నాకు బాగా పట్టుబడుతుంది. తెట్టు పరుచుకున్న చోట చిన్న అలలు అణిగిపోయి నల్లటి చార మిగులుతుంది. 2019 మార్చిలో బిస్కే అఖాతంలో గ్రాండే అమెరికా అనే సరుకు ఓడ మంటల్లో చిక్కుకుని మునిగినప్పుడు ఆ తెట్టు సెంటినెల్-1 చిత్రాల్లో కనిపించింది.

నా చిత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఒకటుంది. నడుస్తున్న ఓడ ఉన్నచోట కనిపించదు! ఓడ నా వైపు వస్తున్నా, నా నుంచి దూరంగా పోతున్నా ప్రతిధ్వని పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆ మార్పును లెక్కకట్టడంలో చుక్క పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి వందల మీటర్లు. ఓడ వెనక నీళ్ళు చీలిన జాడ మాత్రం ఉండాల్సిన చోటే ఉంటుంది. చుక్క ఒకచోట, జాడ మరోచోట. కొత్తగా చూసేవాళ్ళు చిత్రం చెడిందనుకుంటారు. తెలిసినవాళ్ళు ఆ రెంటికీ మధ్య దూరం కొలిచి ఓడ ఎంత వేగంగా పోతోందో చెప్పేస్తారు.

తీరాల దగ్గర నేను తీసే చిత్రం ఒక్కోటి సాధారణంగా 250 కిలోమీటర్ల వెడల్పు. అందులో చుక్కలు వెతకడం మనిషి కంటికి సాధ్యం కాని పని. అందుకే కంప్యూటర్ ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టుపక్కల నీళ్ళతో పోల్చి, మరీ మెరిసేవాటిని పక్కన పెడుతుంది. పక్కన పెట్టినవన్నీ ఓడలు కావు. బండరాళ్ళు, మంచు దిబ్బలు, చమురు బావుల వేదికలు, గాలిమరలు కూడా మెరుస్తాయి. ఏది ఏదో తేల్చడానికి యంత్రానికి శిక్షణ కావాలి. దానికోసం ఎక్స్‌వ్యూ3 అనే పోటీలో దాదాపు వెయ్యి రాడార్ చిత్రాల మీద రెండు లక్షల నలభై వేలకు పైగా వస్తువులను గుర్తించి బయటపెట్టారు. అవన్నీ మా సెంటినెల్ చిత్రాలే.

చుక్క దొరికాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఈ ఓడ ఎవరిది? అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు దాటిన ఓడలన్నీ ఏఐఎస్ అనే పరికరం పెట్టుకోవాలన్న నియమం 2004 చివరికల్లా అమల్లోకి వచ్చింది. తానెవరో, ఎక్కడుందో, ఎటు పోతోందో ఓడ తానే రేడియోలో చెబుతూ ఉంటుంది. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. కానీ దాని మీట ఓడలో ఉన్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఆపేయొచ్చు, తప్పుడు చోటు కూడా చెప్పొచ్చు. 2021 జూన్‌లో ఒక బ్రిటిష్ యుద్ధనౌక, ఒక డచ్ యుద్ధనౌక క్రిమియాలోని సెవస్తొపోల్ దగ్గర ఉన్నట్టు ఏఐఎస్‌లో కనిపించింది. ఒడెస్సా రేవులోని కెమెరాల్లో చూస్తే రెండూ అక్కడే కట్టేసి ఉన్నాయి.

ఓడ చెప్పే మాటకూ, నేను చూసే చుక్కకూ పొంతన కుదురుతుందా అని పెద్ద ఎత్తున తేల్చిన పరిశోధన 2024 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. గ్లోబల్ ఫిషింగ్ వాచ్ సంస్థ పరిశోధకులు 2017 నుంచి 2021 దాకా నేనూ, నా చెల్లి సెంటినెల్-1బీ తీసిన చిత్రాలు, ఇతర ఉపగ్రహ చిత్రాలు కలిపి 20 లక్షల గిగాబైట్ల సమాచారం జల్లెడ పట్టారు. పారిశ్రామిక స్థాయిలో చేపలు పట్టే ఓడల్లో 72 నుంచి 76 శాతం బహిరంగ లెక్కల్లో లేనే లేవని తేలింది. రవాణా ఓడల్లోనూ, ఇంధన రంగానికి పనిచేసే ఓడల్లోనూ 21 నుంచి 30 శాతం అంతే. ఏఐఎస్ లెక్కల్లో ఆసియా, ఐరోపా సమానంగా వేటాడుతున్నట్టుండేది. చిత్రాల్లో చూస్తే పదింట ఏడు ఓడలు ఆసియాలో, ఒకటి ఐరోపాలో.

ఇక్కడే నేనో మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. లెక్కలో లేని ఓడ అనగానే దొంగ ఓడ అనేయడం అన్యాయం. చాలా దేశాల్లో చేపల ఓడలకు ఏఐఎస్ తప్పనిసరి కాదు. పరికరం ఉండీ ఆపేసినవాడు వేరు, పరికరమే లేనివాడు వేరు. ఆ తేడా నా చిత్రంలో కనిపించదు, మనుషులే తేల్చుకోవాలి.

ఆంధ్ర తీరం మీదుగా నేను సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలకు దగ్గరగా వెళతాను. విశాఖ రేవు బయట లంగరేసి వంతు కోసం ఎదురుచూసే పెద్ద ఓడలు నాకు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ సమీపంలోనే వల వేసుకుంటున్న ఫైబర్ బోటు మాత్రం కనిపించదు. చిన్నది, ఇనుము తక్కువ. పదిహేను మీటర్లకు లోపున్న పడవలను నమ్మకంగా పట్టుకోవడం నా వల్ల కాదు. సముద్రంలో తప్పిపోయిన చిన్న పడవ కోసం నన్ను నమ్ముకుంటే లాభం లేదు. నడి మహాసముద్రంలోనైతే నేను అలల తీరు తెలుసుకునే చిన్న చిన్న ముక్కలే తీస్తాను, నా ఓడల లెక్కంతా ఎక్కువగా తీరాలకు దగ్గర్లోనే.

పేదవాడి పడవ ఆచూకీ ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2018 నవంబరులో అక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ జలాల్లో పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా సరిహద్దు మీదుగా ఇళ్ళకు చేరారు. సరిహద్దు దాటుతున్నామని ముందే హెచ్చరిక అంది ఉంటే ఎంత దుఃఖం తప్పేదో! లక్ష చేపల పడవలకు రెండువైపులా సందేశాలు నడిచే ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకం భారత ప్రభుత్వం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. అలాంటి పరికరం ఉంటే సరిహద్దు హెచ్చరిక, తుపాను కబురు పడవలోకే వస్తాయి. ఆచూకీ కోసం వెతికేవాళ్ళు నా చిత్రం దాకా రావలసిన పని ఉండదు.

నా కష్టసుఖాలు కూడా రెండు ముక్కల్లో చెబుతాను. 2016 ఆగస్టు 23న కొన్ని మిల్లీమీటర్ల రేణువొకటి వచ్చి నా సౌరఫలకాన్ని గుద్దింది. కాస్త కరెంటు తగ్గింది, నా ఒంటి మీదున్న కెమెరాతో చూస్తే దాదాపు 40 సెంటీమీటర్ల మేర దెబ్బ. పని ఆగలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ నా చెల్లి సెంటినెల్-1బి దూరం కావడం. 2016లో వచ్చింది, 2021 డిసెంబరులో విద్యుత్ సరఫరా చెడి మూగబోయింది. ఇద్దరం ఉన్నప్పుడు ఒకేచోటికి ఆరు రోజులకోసారి వచ్చేవాళ్ళం. ఒంటరిగా మిగిలాక పన్నెండు రోజులు పట్టింది. ఆ మధ్యలో ఏ ఓడ ఏం చేసిందో నాకు తెలియదు. 2024 డిసెంబరులో వచ్చిన సెంటినెల్-1సి ఏఐఎస్ సంకేతాలు వినే పరికరం కూడా వెంట తెచ్చుకుంది. ఓడ చెప్పేది వింటూ, ఓడ ఉన్న చోటును అదే సమయంలో చూడగలదు.

మా చిత్రాలకు డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. పేరు నమోదు చేసుకుంటే చాలు, కోపర్నికస్ సమాచార కేంద్రం ఇస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలారా, మీ తీరం చిత్రాలు దించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల చిత్రం ఒకటి, మామూలు రోజుల చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. హార్బరుకు వెళ్ళి, ఏ చుక్క ఏ పడవో వేటకెళ్ళే పెద్దవాళ్ళనే అడగండి. వాళ్ళకు తెలిసినంతగా ఆ సముద్రం ఏ యంత్రానికీ తెలియదు.