ట్యాంకు స్తంభం మీది పారిశుద్ధ్యం

గోదావరి డెల్టా పల్లెల్లో తాగునీటి నాణ్యతను తేల్చడానికి ప్రయోగశాలను మించిన సాధనం ఒకటుంది. అది ఓవర్‌హెడ్ ట్యాంకు స్తంభానికి తెల్లరంగు పూసి ‘ట్యాంకు శుభ్రపరచిన తేదీ’ అని రాసిన చిన్న గడి. తనిఖీకి విచ్చేసిన అధికారి ఆ గడిని చదివి, మెట్లెక్కి మూత తీసే శ్రమ లేకుండానే తృప్తి చెందుతారు. ట్యాంకు కడగాలంటే మనుషులు కావాలి, ఒక పూట సరఫరా ఆపాలి, జనంతో మాట పడాలి. తేదీ మార్చడానికి మాత్రం కుంచె చాలు.

ప్రమాణాలు లేవని కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం, నీటిలో మలం కలిసిందని సాక్ష్యమిచ్చే ఇ.కోలై అనే సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించరాదు. క్లోరిన్ తన పని ముగించాక కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఇంత నిక్కచ్చి ప్రమాణం కుళాయి నీటి విషయంలో ఐచ్ఛికం, అంటే పాటిస్తే పుణ్యం, పాటించకపోతే శిక్ష లేదు. సీలు వేసి అమ్మే సీసా నీటికి మాత్రం 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. సమీక్షా సమావేశాల్లో బల్లల మీద ఆ సీసాలే బారులు తీరడం కాకతాళీయమే కావచ్చు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే, లండన్ ఇళ్లకు పంపే నీటిని వడగట్టి తీరాలని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వెంట ఇంజినీరింగు వచ్చింది గానీ, ఆ చట్టం మాత్రం ఓడ దిగలేదు.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుంటారు. పై ఊళ్ల మురుగూ, గేదెల స్నానాలూ, కొన్నిచోట్ల రొయ్యల చెరువులు వదిలిన నీరూ కలిసిన ఆ కాలువ నీరే నెలల తరబడి నిలవుండి పాచి పడుతుంది. దీనికి విరుగుడు బ్లీచింగ్ పౌడర్. తాజా పొడిలో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గానీ, పంపు షెడ్డులో మూతి విప్పి పడేసిన బస్తా డెల్టా ఉక్కకూ తేమకూ రోజురోజుకూ నీరసిస్తుంది. మిగిలిన కాస్త సత్తువనూ సూక్ష్మజీవుల కంటే ముందు పాచి తినేస్తుంది. అయినా పరీక్ష ముక్కుతోనే జరుగుతుంది: వాసన వస్తే నీరు సురక్షితం, మరీ వస్తే జనం గోల చేస్తారు కనుక మర్నాడు మోతాదు తగ్గుతుంది.

వాసనకు అందనివీ ఉంటాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా అంతుచిక్కని జబ్బుతో ఆసుపత్రి పాలైనప్పుడు, తొలి అనుమానాల్లో బ్లీచింగ్ కూడా ఒకటి కాగా, నీటి పరీక్షల్లో తేడా ఏమీ లేదన్న ప్రకటన మాత్రం త్వరగానే వెలువడింది. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. నిపుణుల అనుమానం చివరకు పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. దోషం నీటిదేనని తేలలేదు, నిజమే. కానీ క్లోరిన్‌కు సీసాన్ని గానీ పురుగుమందును గానీ పట్టుకునే విద్య తెలియదు.

ఇవన్నీ ఎరిగిన పల్లె జనం 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. ఆర్వో ప్లాంటు యజమాని టీడీఎస్ మీటరు ముంచి, అంటే నీటిలో కరిగిన లవణాలెన్నో చూపే పరికరాన్ని ముంచి, తక్కువ అంకెను సగర్వంగా చూపిస్తాడు. ఆ మీటరుకు ఇ.కోలై కనిపించదు; టిన్నును చివరిసారి ఎప్పుడు కడిగారో చెప్పడానికి దాని మీద తేదీ గడి కూడా ఉండదు.