గోడెక్కిన బండి గీర

ఈ మధ్య మిర్యాలగూడలో ఏ డూప్లెక్స్ గృహప్రవేశానికి పోయినా అదే వరస: విలేజ్ థీమ్. పైన స్లాబు, స్లాబు కింద పీఓపీ, పీఓపీ కింద వెదురు తడిక! మూలకు కందీలు, అందులో ఎల్‌ఈడీ. కిటికీలకు తెల్ల కర్టెన్లు. పొద్దున డాబా మీద చెయ్యి పెడితే నల్లగా అంటుకునే మిల్లుల ఊక బూడిద సంగతి హైదరాబాదు డిజైనరుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇవన్నీ భరించొచ్చు. బండి గీరను మాత్రం భరించలేను. ఒకరింట్లో టీవీ పక్కన గోడకు ఎక్కించి, ఆకుల మధ్య లైట్లు పెట్టారు. పిడకల మంటలో ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, గీరకు తొడిగి, నీళ్లు గుమ్మరించి బిగించిన కమ్మరి పనితనం అది. దాని కందెన జిడ్డంతా యాసిడ్‌తో కడిగించారు. కడిగాక కొత్తగా కనపడుతోందని, పాతగా కనపడేలా మళ్లీ రంగు వేయించారు!

‘‘బండికి రెండు గీరలు కదా, రెండోదేదన్నా?’’ అని ఇంటాయనను అడిగాను.

‘‘ఎదురింటోళ్లు తీస్కున్నరే.’’

ఈ రోగం మనతో పుట్టింది కాదు. 1783లో ఫ్రాన్సు రాణి మారీ ఆంత్వానెట్ వెర్సాయ్ తోటలో ఉత్తుత్తి పల్లె కట్టించుకుంది. గోడలు పాతవిలా ఉండాలని పగుళ్లు కూడా రంగుతోనే వేయించింది. 1789లో విప్లవం వచ్చి ఏమైందో మీకు తెలుసు.

మన రాణులకు, రాజులకు డబ్బెక్కడిది? 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి వచ్చింది, వరి వెంట మిల్లులొచ్చాయి, ట్రాక్టర్లొచ్చి ఎడ్లను కొట్టం నుంచి వెళ్లగొట్టాయి. ఆ డబ్బుతోనే ఇప్పుడు బండిని ముక్కలుగా కొనుక్కుంటున్నారు.

ఒళ్లు మండేది ఇక్కడే. నిజంగా మట్టిగోడల మధ్య బతికేవాళ్లు ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో పేరుందా లేదా అని పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. సర్కారిచ్చే 5 లక్షలు చేతికొస్తే స్లాబు పోసుకోవాలని వాళ్ల ఆశ. ఈ హాలు ఒక్కదానికే అంతకంటే ఎక్కువైందని ఇంటాయన మురిసిపోతూ చెప్పాడు. మట్టిగోడ మూరెడు మందం ఉంటుంది కాబట్టి ఎండకు ఓరుస్తుంది. ఈయన గోడకున్నది మట్టిరంగు మాత్రమే, అందుకే రెండు ఏసీలు. వానకు నానిన గోడ కూలుతుందేమోనని పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చోవడం మాత్రం ఏ డిజైనరు క్యాటలాగులోనూ ఉండదు. పేడతో అలికి, జాజు పూసిన చేతులు ఇప్పుడు ఈ ఇంట్లోనే షోకు పెట్టిన ఇసుర్రాయి మీది దుమ్ము తుడుస్తున్నాయి. సరిగ్గా తుడవలేదని నా ముందే తిట్లు తిన్నాయి.

పల్లె మీద అంత ప్రేముంటే దామరచర్ల వైపు తండాలకు పొండి. మే నెలలో ఒక్క మధ్యాహ్నం రేకుల కింద కూర్చోండి. ఫ్యాను వేయమని మాత్రం అడక్కండి, థీమ్ చెడిపోతుంది.