లక్షసార్ల మోటారు

లక్షసార్లు వేసినా చెక్కుచెదరదట! మోడల్ రైల్వే సరదా ఉన్నవాళ్ల మధ్య కాసేపు కూచుంటే చాలు, రైలు దారి మార్చే పాయింట్ మోటార్ల ఆయుష్షు గురించి ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. సరే, లెక్క వేద్దాం. ప్రతి ఆదివారం లేఅవుట్ ముందు కూచుని ఒక్కో పాయింటును 20 సార్లు అటూ ఇటూ మార్చారనుకోండి. ఏడాదికి అటూ ఇటుగా వెయ్యి. లక్ష కావాలంటే నూరేళ్లు. అంటే ఈ బొటనవేలంత మోటారు మిమ్మల్ని సాగనంపి, మీ అబ్బాయిని సాగనంపి, మనవడి షష్టిపూర్తి నాటికీ టక్కుటక్కుమంటూనే ఉంటుందన్నమాట. అరచేతిలో వైకుంఠం చూపించడానికి ఇంతకంటే చవకైన సాధనం దొరకదు.

ఆ లెక్క అబద్ధమని నేననను. మోటారును ఒక చెక్కకు బిగించి, సరైన కరెంటిచ్చి, తెరిపి లేకుండా ఆడిస్తే లక్ష దాటినా దాటొచ్చు. కానీ ఏ ఇంట్లోనూ పాయింట్ మోటారు పని ఎక్కువై చావదు, పని లేక చస్తుంది. నెలల తరబడి దుప్పటి కింద పడుంటే కాంటాక్టులకు చిలుము పడుతుంది, గ్రీజు బిగుసుకుంటుంది. పట్టాల మధ్య కంకర కదలకుండా తెల్ల గమ్మును నీళ్లలో కలిపి చుక్కలుగా వదులుతారు కదా, అందులో ఒక్క చుక్క కదిలే పట్టా అయిన టంగ్ రైలు కిందికి జారితే లక్ష మాట దేవుడెరుగు, తర్వాతి మలుపే ఉండదు.

కాయిల్ రకం సంగతి మరీ విడ్డూరం. రెండు తీగచుట్టలు, మధ్యలో ఇనుప కడ్డీ. ఏ చుట్టకు కరెంటిస్తే కడ్డీ అటు దూకుతుంది. 16 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు లాగినా 32 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! క్షణకాలపు కరెంటుకు కట్టిన చుట్ట ఇది. బటన్ ఇరుక్కుందా, పక్కింటి బుడతడు సరదాపడి నొక్కి పట్టుకున్నాడా, ఇక అంతే సంగతులు. ముందు వాసన, తర్వాత పొగ, ఆపైన కరిగిన ప్లాస్టిక్కు. లక్షసార్ల ఆయుష్షు ఒక్క నొక్కుడుతో తీరిపోతుంది. కెపాసిటర్‌లో కరెంటు దాచి ఒక్క ఊపులో వదిలి, ఆ వెంటనే నోరు మూసుకునే యూనిట్ ఉంటుంది, అది పెడితే కాయిల్ బతుకుతుంది. కానీ దాన్ని విడిగా కొనుక్కోవాలి. చిరంజీవికి ప్రాణభిక్ష అదనపు ఖర్చు.

కొన్ని మోటార్లలో లోపలే లిమిట్ స్విచ్ ఉంటుంది. కడ్డీ చివరికి చేరగానే కరెంటు తెంపేస్తుంది. ఆలోచన బంగారం. అయితే కాయిల్‌కు కరెంటు తెంపిన ప్రతిసారీ కాంటాక్టు దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ రవ్వకూ కాంటాక్టు నల్లబడి, చివరికి స్విచ్ పోతుంది. విప్పి చూస్తే కాయిల్ కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ ఉంటుంది, పోయింది దాన్ని కాపాడాల్సినదే. అప్పుడు మన నిపుణులు వైరు ముక్కతో ఆ స్విచ్‌ను దాటేసి, ‘పర్మనెంటుగా బాగుచేశాం’ అని మీసం దువ్వుతారు. ఇక బటన్ దగ్గర బుడతడు రాకుండా చూసుకోవాలంతే.

టార్టాయిస్ అనే మోటారు వాడే వర్గం వాళ్లు ఇదంతా చూసి నవ్వుతారు. వాళ్ల నవ్వులో కొంత న్యాయముంది. ఆ మోటారు నిదానంగా తిరిగి, ఆగిపోయిన చోట 12 వోల్టుల మీద 16 మిల్లీ ఆంపియర్లు తాగుతూ కూచుంటుంది, కాలదు. కాకపోతే బల్ల కింద వేలాడుతుంది. దానికి ఊడిన వైరు అతకాలంటే వెల్లకిలా పడుకుని, కరిగిన సీసం కంట్లో పడకుండా తల పక్కకు తిప్పి, కనపడని చోట ఐరన్ పెట్టాలి. నడివయసు దాటిన వాళ్ల సరదాకు తగిన ఆసనమే!

అసలు రైల్వేను చూడండి. మన స్టేషన్లలోని పాయింట్ మెషిన్ 110 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. టంగ్ రైలుకూ పక్క పట్టాకూ మధ్య ఏదైనా అడ్డుపడితే మోటారు కాలిపోకుండా క్లచ్ జారుతుంది. 5 మిల్లీమీటర్ల పరీక్ష ముక్క మధ్యలో పెడితే పాయింట్ లాక్ కాకూడదు, సిగ్నల్ పడకూడదు. సిగ్నల్ సిబ్బంది ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటారు. ‘దీన్ని చూడక్కర్లేదు’ అని అక్కడ ఎవరైనా అంటే ఉద్యోగం ఊడుతుంది. మన లేఅవుట్ ప్యానెల్ మీద పచ్చలైటు మాత్రం సాధారణంగా బటన్ నొక్కినందుకే వెలుగుతుంది. పట్టా కదిలిందా లేదా అన్నది ఇంజన్ పడిపోయాక తెలుస్తుంది.

‘మరి హాంబర్గ్‌లో?’ అంటారు. 2001లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్ అనే మోడల్ రైల్వే ప్రదర్శనలో 3,000కు పైగా పాయింట్లున్నాయి, నిజమే. వాటి వెనకాల జీతమిచ్చి పెట్టుకున్న టెక్నీషియన్లున్నారు. ఆ మాట ఎవరూ ఎత్తరు.

చేయి అందేచోట మోటారు అవసరమే లేదు. అమెరికాలో బోలెడుమంది గ్రౌండ్ త్రో అనే స్ప్రింగు మీటతో హాయిగా నెట్టుకొస్తున్నారు. చేయి అందనిచోటే మోటారు కావాలి. అది పాడైతే చేయి పెట్టాల్సిందీ అక్కడే. చేతికీ మోటారుకీ మధ్య ప్లాస్టర్‌తో పోత పోసి, గడ్డి అంటించి, గొర్రెల్ని నిలబెట్టిన కొండ ఉంటుంది. ‘మా ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్క మోటారూ పోలేదు’ అనే పెద్దమనిషి కనబడితే, కొండ కింది లూప్ లైను మీద రైలు ఎప్పుడు నడిపారని మెల్లగా అడగండి.

‘ఆ లైనుకు అంత ట్రాఫిక్ లేదండీ’ అంటారు.