అర్ధరాత్రి విన్నపము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

వైశాఖ మాసం, కోయిలకుంట్ల, రాత్రి పన్నెండుంబావు. మిద్దె మీద నవారు మంచం, కాళ్ల దిక్కున చెంబుతో నీళ్లు. వక్త, అంటే నేనే, చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే జాతివాడు. పక్క మంచంలో మా ఆమె ఊర్మిళాదేవి అంశలో పుట్టిన మనిషి. మొగుడి వంతు నిద్ర కూడా తనే పోతుంది కనక నాకు మిగిలేది ఏమీ ఉండదు. మూడిళ్ల అవతల పెండ్లివారి వాకిట్లో డీజే బాక్సులు. బేసు దెబ్బ పడినప్పుడల్లా చెంబులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. ట్యాంకు మూత టకటకమంటోంది. అప్పుడు వక్త పిట్టగోడ దాకా పోయి ఒక వాక్యం పలికాడు. కావ్యం మొత్తం అంతే. కాళిదాసుకు మన మల్లినాథసూరి దొరికాడు. నాకు ఎవరూ దొరకనందువల్ల టీక కూడా నేనే రాసుకుంటున్నాను.

మూలం

"అన్నా, రోంత సౌండు తగ్గించుకోండన్నా."

ప్రతిపదార్థం

అన్నా = ఓ అన్నా! ఇది సంబోధన. బాక్సుల దగ్గర నిలబడిన పిల్లోనికి ఇరవై ఏండ్లుంటాయి, వక్తకు యాభై దాటాయి. అయినా అన్నే. సీమలో అన్న అనే మాటకు వయసుతో పని లేదు. ఎవరి చేతిలో మీట ఉంటే వాడు అన్న. పిరికితనం కాదా అని అడుగుతారేమో. కుంఫిణీ మీద తిరగబడినందుకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసింది ఈ ఊళ్లోనే. ఆయన తల 1877 దాకా కోటకు వేలాడింది. దొరలకు అట్లా ఎదురు నిలిచిన గడ్డ మీద పెండ్లివారికి ఎదురు నిలిచినవాణ్ని మాత్రం నేనింతవరకు చూడలేదు. దొరలు పరాయివాళ్లు. పెండ్లివారి బోరు నీళ్లే ఎండాకాలం మా ట్యాంకుకు ఎక్కాలి.

రోంత = రవ్వంత. చిటికెడు అని భావం. ఈ మాట మీదే వ్యాఖ్యాతకు పని ఎక్కువ. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇండ్లున్న చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆరుబయట మైకులకు ఆ వేళల్లో అనుమతే లేదు. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. అయితే ఆ హద్దు మీద 10 డెసిబెల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే ఫిర్యాదు చేయవచ్చునని అవే నియమాలు చెబుతాయి. అంటే చట్టానికి కూడా ఒక రోంత ఉంది. ఎంత రోంత? డెసిబెల్ లెక్క మన కూడికల లెక్క కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. మా సీమలో రోంత అంటే చిటికెడు, ఢిల్లీలో రోంత అంటే పదింతలు. ఇంతకీ ఫిర్యాదుకు మెట్టైన 55 డెసిబెల్స్ అంటే ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే గొంతు కంటే తక్కువే. డీజే ఆ మెట్టు దగ్గర ఆగదు, దాని పునాదే ఆ పైన మొదలవుతుంది.

సౌండు = మీట తిప్పితే తగ్గే చప్పుడు. అచ్చ తెలుగు మాట ఉండగా పరభాషాపదం ఎందుకని పండితులు ఆక్షేపిస్తారు. చప్పుడు ఎలుక చేసేది. రొద కీచురాళ్లది. మోత తప్పెటది. శబ్దం వైయాకరణులది. కుక్కలు మొరిగితే ఎవరూ సౌండు అనరు, ఎందుకంటే వాటికి మీట లేదు. బతిమాలి తగ్గించదగినది ఒక్క సౌండే గనక ఇక్కడ వేరే పదం అతకదు.

ఈ సౌండులో బేసు అనే భాగం ప్రత్యేకం. చెవుల్లో దూది పెట్టుకుంటే పాటలోని మాటలు రోంత మెత్తబడతాయి గానీ బేసు మెత్తబడదు. గోడల్లోంచి, మంచం కోళ్లలోంచి, పక్కటెముకల్లోంచి వస్తుంది. దాన్ని ఆపగలిగేది బరువొక్కటే. మా తాత కట్టిన ఇంటికి రెండడుగుల రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద మట్టి, మట్టి మీద వాన దిగకుండా చౌడు. అంత బరువు మధ్య పడుకున్నవానికి బయట ఊరేగింపు పోయినా తెలిసేది కాదు. ఆ మిద్దె పడగొట్టి నాలుగంగుళాల స్లాబు వేయించింది నేనే. కనక ఈ కావ్యంలో దోషం కొంత కవిదే.

తగ్గించుకోండి = తక్కువ చేసుకొనుడు. 'ఆపండి' అనలేదు, గమనించాలి. ఆపమంటే జగడం. తగ్గించమంటే మనవి. ఇంకా సూక్ష్మం 'కొను' లో ఉంది. వండుకో, కట్టుకో అన్నట్టు, చేసిన పని ఫలం చేసినవానికే చెందినప్పుడు వాడే మాట అది. సౌండు తగ్గితే బాగుపడేది నేను. వాక్యం మాత్రం వాళ్లకే ఏదో మేలు జరగబోతున్నట్టు నడిచింది. ఇంత మర్యాద తెలుగు క్రియలో తప్ప ఇంకెక్కడ దొరుకుతుంది?

అన్నా = ఓ అన్నా! మళ్లీ అదే. పునరుక్తి దోషమని కొందరంటారు, కాదు. మొదటి అన్నా బాక్సుల్లో కలిసిపోయింది. రెండోది పాటకూ పాటకూ నడుమ సందు చూసి పడింది. అసలు దోషం వేరే చోట ఉంది. సౌండు తగ్గించమన్న మాట వాళ్లకు వినబడాలంటే ముందు సౌండు తగ్గాలి. సౌండు తగ్గాలంటే ముందు మాట వినబడాలి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు. మా వీధిలో దీన్ని టార్చిలైటు కొట్టి పరిష్కరిస్తారు.

పాఠాంతరాలు

'రోంత' కు బదులు 'కాస్త' అని ఒక పాఠం ఉంది. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన అయ్యవారొకరు పోయినేడు దాన్ని ప్రయోగించి చూశారు. సౌండు పెరిగింది. '112కు ఫోన్ చేస్తా' అనే పాఠం కూడా ఒకటుందని వినికిడి. దాన్ని మా ఆమె ప్రక్షిప్తమని తోసివేసింది. మరుసటి రోజు అదే ఇంట్లో ముహూర్తం భోజనానికి పోవాల గదా అని ఆమె యుక్తి.

ఆక్షేపం

నెత్తి మీద ఫ్యాను గరగరమంటుంటే పడుకునేవాడు డీజేకు ఎందుకు లేస్తాడు? సమాధానం: గరగర ఒకే తీరున పోతుంది, మిగతా చిన్న చప్పుళ్లను తన కింద దాచుకుంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఆ నిశ్శబ్దానికే మెలకువ వస్తుంది. చెవి ఎంత చప్పుడన్నది చూడదు, ఏం మారిందన్నది చూస్తుంది. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల దారిన రైలొచ్చినప్పుడు ఇక నాకు నిద్ర లేదనుకున్నాను. దూరం నుంచి మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది కనక అది నన్ను ఏనాడూ లేపలేదు.

మరి మా ఆమె? 2010లో హార్వర్డ్ పరిశోధకులు కొందరిని పడుకోబెట్టి, ఫోను మోతలూ బండ్ల చప్పుళ్లూ వినిపించి చూశారు. నిద్రలో మెదడు నుంచి గబగబా వచ్చే ఒక రకం అలలు ఎవరికి ఎక్కువో వాళ్లు చప్పుడుకు అంత తేలికగా లేవలేదు. మెదడు నడుమ థాలమస్ అనే ద్వారపాలకుడుంటాడు, ఆ అలలు వచ్చినంతసేపూ అతను తలుపు బిగించి కూర్చుంటాడని వాళ్ల ఊహ. ఊర్మిళాదేవి తలుపు అట్లా బిగిసి ఉంది. నా తలుపుకు గడియే లేదు.

తాత్పర్యం

ఓ పెండ్లివారలారా, నాకు పొద్దున పనుంది.

ఉత్తరకథ

పిట్టగోడ కింద నుంచి బదులొచ్చింది: "ఒక్క పాటేనన్నా, అయిపాయ." ఇక్కడ 'ఒక్క' లో సంఖ్య వివక్షితం కాదు. రెండుంబావుకు బాక్సులు ఆగాయి. నా మాట విని కాదు, డీజే పిల్లోనికి నిద్రొచ్చింది. నాలుగు కాకముందే వేపచెట్టు మీద కోయిల అందుకుంది. ఊరి పేరును కోయిలకుంట్ల అనీ కోవెలకుంట్ల అనీ రెండు తీర్లా రాస్తారు. రాత్రి చివరి జాములో రెండు పాఠాలూ సరైనవే, కోయిల ఆపగానే కోవెల మైకు మొదలవుతుంది. ఒక్క సంగతి. కవులు కోయిలమ్మ అని మురిసిపోతారు గానీ అట్లా గొంతు చించుకునేది మగది. కనక మూలంలోని 'అన్నా' దానికీ చెల్లుతుంది. చెప్పి చూశాను, అది ఒక్క పాట అని కూడా అనలేదు.

చదివేవాళ్లలో మా వీధివాళ్లుంటే ఒక మనవి. మీ ఇంట్లో పెండ్లి కుదిరితే నాకు పత్రిక ఇవ్వకపోయినా పర్వాలేదు, తారీకు చెప్పండి. ఆ రాత్రికి నంద్యాలలో మా చిన్నమ్మ ఇంటికి పోయి పడుకుంటాను.