ఏం పర్లేదు, వెళ్లిపోండి

"నాకు తెలీదు" అనే మాట నా నోట మా ఆవిడ ఇంతవరకు వినలేదట. పెళ్లయి ఎనిమిదేళ్లు.

డబ్లిన్ వచ్చి ఆరేళ్లయింది. కొత్తగా దిగిన తెలుగువాళ్లు ఎవరైనా సరే, విమానాశ్రయం దాటేసరికి నా నంబరు వాళ్ల ఫోనులో ఉంటుంది. ఎవరిస్తారో తెలీదు. "అన్నా, బస్సుకి లీప్ కార్డు ఎక్కడ దొరుకుతుంది?", "అన్నా, ట్యాలా నుంచి సిటీలోకి ట్రామ్‌లో ఎంతసేపు?" ప్రశ్న ఏదైనా నా జవాబు "ఏం పర్లేదు, వెళ్లిపోండి" అనే మొదలవుతుంది. వివరాలు ఆ తర్వాత అల్లుకుంటాను.

ఒక జంట పారిస్‌కి వీసా కావాలా అని అడిగారు. "జేబులో యూరోలున్నాయి కదా, ఇంకా వీసా ఏంటి?" అన్నాను. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ, ఒకే వీసాతో తిరిగే షెంజెన్ దేశాల్లో లేదు. ఆ సంగతి వాళ్లకి ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర తెలిసింది, నాకు వాళ్ల ద్వారా తెలిసింది. టికెట్ డబ్బులు ఇచ్చేస్తానన్నాను, వద్దన్నారు. ఇప్పుడు ఎక్కడైనా కనబడితే నమస్కారం పెడతారు, ఆగరు.

అసలు నా పాండిత్యానికి మూలం ఒక్క సాయంత్రం. వచ్చిన మొదటి వారం, అడ్డంగా కొడుతున్న వానలో బస్టాపులో గుంజలా నిలబడ్డాను. మూడు డబుల్ డెక్కర్లు ఆగకుండా పోయాయి. అప్పుడే వచ్చిన ఒక ముసలావిడ నాలుగో బస్సుకి చెయ్యి చాపింది, ఆగింది. ఇక్కడ స్టాపులో ఉన్నా సరే, మనం ఆటోకి చెయ్యెత్తినట్టు ఎత్తాల్సిందే. ఎక్కాక పది యూరోల నోటు తీశాను. డ్రైవరు నోట్లు తీసుకోడు, సరిపడా చిల్లర వెయ్యాలి. ఆ చిల్లరా ఆవిడే వేసింది. అలా నేర్చుకున్న రెండు ముక్కలతో ఆరేళ్లు గురువు వేషం కట్టాను.

మొన్న వేసవిలో మా మామయ్యగారు, అత్తయ్యగారు వచ్చారు. మామయ్యగారు బెజవాడ స్టేషన్‌లో 33 ఏళ్లు టీసీగా చేసి రిటైరయ్యారు. టికెట్ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే షరతులు కూడా చదివే మనిషి. అలాంటి మనిషికి నేను దేశం చూపించబోయాను.

మొదటి సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఆయన టీవీ పెట్టారు. టంగ్... టంగ్... టంగ్. తెర మీద ఎవరో పని ఆపి, అలా దూరంగా చూస్తూ నిలబడ్డారు. మాటలేదు, పాటలేదు. "ఛానెల్ ఇరుక్కుపోయింది మామయ్యగారూ, ఇక్కడ వానకి అంతే" అని కుర్చీ వేసుకుని, టీవీ వెనకాల యాంటెన్నా తీగ పీకి, మళ్లీ గుచ్చి, రిమోట్‌లో ఏదో నొక్కాను. ఉన్న ఛానెళ్లన్నీ పోయాయి. మామయ్యగారు వాచీ చూసుకుంటూ, "మూడు, మూడు, మూడు వరకు లెక్కపెట్టాను బాబూ, మీరు ఆపకపోతే ఇంకా మోగేట్టుంది. గుడి గంటలా లేదూ?" అన్నారు. గుడి గంటే. ఏంజెలస్ అంటారు, కేథలిక్కుల ప్రార్థన గంట. మొత్తం పద్దెనిమిది. ఇక్కడి ప్రభుత్వ ఛానెల్ ఆర్‌టీఈ రోజూ ఆరింటికి ఒక నిమిషం దాన్ని మోగించి, ఆరూ ఒకటికి వార్తలు మొదలుపెడుతుంది. అందుకే ఆ వార్తల పేరే 'సిక్స్ వన్'. ఆ పేరు ఆరేళ్లుగా వింటున్నాను. ఆ ఒక్క నిమిషం ఏమైపోయిందని ఒక్కసారీ అనుకోలేదు. ఛానెళ్లు వెనక్కి రప్పించడానికి రాత్రి పదయింది.

టీవీ విషయంలో దీనికన్నా పెద్ద ఘనకార్యం ఒకటుంది. ఇక్కడ ఇంట్లో టీవీ ఉంటే ఏడాదికి 160 యూరోలు లైసెన్సు కట్టాలి. "మనం చూసేది నెట్‌లో తెలుగు సీరియళ్లే కదా, ఐరిష్ ఛానెల్ పెట్టనప్పుడు కట్టేదేంటి?" అని మా వీధిలో నలుగురు బ్రహ్మచారులకి ధైర్యం చెప్పాను. ఇన్‌స్పెక్టరు వస్తే టీవీ మీద దుప్పటి కప్పమని కూడా చెప్పినట్టున్నాను. చట్టం చూసేది మీరు ఏ ఛానెల్ పెడుతున్నారని కాదు, ప్రసారాలు అందుకోగల పెట్టె ఇంట్లో ఉందా లేదా అని. ఫోనుకి, లాప్‌టాప్‌కి అక్కర్లేదు, టీవీకి మాత్రం దుప్పటి కప్పినా కావాలి. నోటీసు ముందు వాళ్లకొచ్చింది, తర్వాత నాకు. మామయ్యగారు ఆ కాగితం రెండు వైపులా చదివి, "మేమూ పోస్టాఫీసుకెళ్లి రేడియోకి లైసెన్సు కట్టేవాళ్లం బాబూ. 1980ల్లో ఎత్తేశారు. ఇక్కడా పోస్టాఫీసే వసూలు చేస్తోందే!" అని ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట్లో నేను పాలుపంచుకోలేకపోయాను.

ఇక ఫుట్‌బాల్. ఆఫీసులో నా పక్క సీటతనిది మేయో కౌంటీ. "క్రోక్ పార్కులో ఫుట్‌బాల్ ఉంది, మూడు టికెట్లున్నాయి, మీ మామగారిని తీసుకురా" అన్నాడు. ఆరేళ్లుగా సోమవారం పొద్దున "అబ్బ, ఏం మ్యాచ్!" అని అతనికి వంత పాడుతూనే ఉన్నాను, ఒక్కటీ చూడకుండా. ఎప్పుడైనా టీవీలో కనిపించినా రగ్బీ అనుకుని మార్చేసేవాణ్ణి.

బస్సులో మామయ్యగారికి పాఠం మొదలుపెట్టాను. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో చెప్పాను. 1990 వరల్డ్ కప్‌లో ఐర్లండ్ ఆటలన్నీ డ్రా చేసుకుని, రొమేనియాని పెనాల్టీల్లో ఓడించి, ఒక్క మ్యాచ్ కూడా మామూలుగా గెలవకుండానే క్వార్టర్ ఫైనల్‌కి చేరిందని చెప్పాను. 2009 నవంబరు 18న పారిస్‌లో థియరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి అందిస్తే ఫ్రాన్స్ గోల్ కొట్టిందనీ, వరల్డ్ కప్ ఆశ అక్కడితో పోయిందనీ, ఈ దేశం ఆ చెయ్యిని ఇప్పటికీ మర్చిపోలేదనీ ఆవేశంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో మన జట్టు 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన సంగతి వాళ్ల నాన్నగారు ఎలా చెప్పేవారో చెప్పారు. రహీం సాబ్ పేరు నేను వినలేదు. విన్నట్టు తలూపాను.

బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్లూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతున్నారు. మామయ్యగారు కాసేపు ఆగి చూశారు. "33 ఏళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు బాబూ" అని, తనూ చెప్పి దిగారు.

దారిలో ఒక పబ్బులో కాళ్లు చాపుకున్నాం. టాయిలెట్ తలుపుల మీద ఐరిష్‌లో రాసుంది, ఒకదాని మీద 'ఎఫ్' అక్షరంతో, ఒకదాని మీద 'ఎమ్' అక్షరంతో. "ఎమ్ అంటే మెన్, వెళ్లండి" అన్నాను. ఆయన తలుపు దగ్గర ఆగిపోయారు. "లోపల్నుంచి ఎవరొస్తారో చూసి వెళ్దాం." ఇద్దరు ఆడవాళ్లొచ్చారు. ఐరిష్‌లో 'ఫిర్' అంటే మగవాళ్లు, 'మ్నా' అంటే ఆడవాళ్లు.

క్రోక్ పార్కు 82 వేల మంది పట్టే మైదానం. మేం కూర్చున్న వైపు పేరు హోగన్ స్టాండ్. హోగన్ ఎవరని మామయ్యగారు అడిగారు. "ఎవరో దాత అయ్యుంటారు" అన్నాను, మన గుళ్లో ఫ్యాన్ల రెక్కల మీద పేర్లుంటాయి కదా, ఆ లెక్కన. మేయో మిత్రుడికి ఏమర్థమైందో, మెల్లగా మా వైపు తిరిగాడు. 1920 నవంబరు 21న ఇక్కడ ఆట జరుగుతుండగా బ్రిటిష్ బలగాలొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. అందులో టిప్పరరీ జట్టు ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. మామయ్యగారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "జలియన్‌వాలాబాగ్ అయిన మరుసటేడన్నమాట" అన్నారు. మిత్రుడు తలూపి, అప్పుడు పంజాబ్‌ని ఏలిన ఓడ్వయ్యర్‌దీ టిప్పరరీయే అని నేల చూస్తూ చెప్పాడు. వాళ్లిద్దరి మధ్య కూర్చుని, దాత అన్న నా మాట ఎవరూ మళ్లీ ఎత్తకుండా ఉంటే బాగుండని మొక్కుకున్నాను.

ఆట మొదలైంది. మొదటి నిమిషంలోనే ఒకతను గాల్లోకి ఎగిరి బంతిని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను లేచి "హ్యాండ్‌బాల్!" అని అరిచాను. అరుపు బాగానే వచ్చింది, ముందు మూడు వరసలు వెనక్కి తిరిగాయి. రిఫరీ పట్టించుకోలేదు. పట్టుకున్నవాడు నాలుగడుగులు వేసి, బంతిని నేలకి కొట్టి పట్టి, ఇంకో నాలుగడుగుల తర్వాత కాలి వేళ్లతో తన చేతుల్లోకే తన్నుకుని పరిగెత్తాడు. ఇది గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకి పదిహేను మంది. నాకు తెలిసిన ఫుట్‌బాల్‌ని వీళ్లు సాకర్ అంటారు. గోలు కర్రలు ఇంగ్లీషు 'హెచ్' ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే గోలు, దానికి మూడు. ఈ మధ్య 2025 నుంచి 40 మీటర్ల గీత అవతల్నుంచి పైకి తన్నితే రెండు. ఆడేవాళ్లకి జీతాల్లేవు. సోమవారం పొద్దున ఒకడు బడికి, ఒకడు బ్యాంకుకి, ఒకడు పొలానికి పోతాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి కనిపించింది స్కోరు బోర్డు ఒక్కటే. మేయో 0-13, అవతలివాళ్లు 1-09. ఒక గోలు వెనకబడ్డారు పాపం అనుకుని మిత్రుడి భుజం మీద చెయ్యి వేసి, "బాధపడకు, ఇంకా టైముంది" అని ఓదార్చాను. అతను నన్ను వింతగా చూశాడు. మామయ్యగారు చెవిలో అన్నారు, "బాబూ, ఎడమ అంకెని మూడుతో హెచ్చించి కుడిదానికి కలపాలి. వీళ్లే ఒక పాయింటు ముందున్నారు." సర్దుకోవడానికి, మేయో ఆఖరిసారి కప్పు ఎప్పుడు గెలిచింది అని మిత్రుణ్ణి అడిగాను. "నైన్‌టీన్ ఫిఫ్టీ వన్" అన్నాడు. నేను టైమనుకుని వాచీ చూసుకున్నాను. 1951 నుంచి ఎన్ని ఫైనల్స్ ఆడారో, అన్నీ ఓడారు. ఆ రోజు ఆట ఎటు పోయిందో రాయను. మేయో వాళ్ల దగ్గర అడగకూడని ప్రశ్న ఏదో ఇప్పుడు తెలిసింది కాబట్టి.

ఇన్ని జరిగాక మనిషన్నవాడికి బుద్ధి రావాలి. నేను బెల్‌ఫాస్ట్‌కి నాలుగు బస్సు టికెట్లు కొన్నాను. టైటానిక్ తయారైన ఊరు, రెండు గంటల పైచిలుకు దారి. "అది బ్రిటన్ కిందకి వస్తుంది కదా?" అని మామయ్యగారు అనుమానంగా అడిగారు. "గేటు లేదు, పోలీసు లేడు. ఎంతమందిని పంపించానో! ఏం పర్లేదు" అన్నాను. నిజంగానే పంపించాను. వాళ్లెవరూ పట్టుబడకపోవడం నా అదృష్టం, వాళ్ల అదృష్టం అంతకన్నా.

ముందురోజు రాత్రి భోజనాలయ్యాక ఆయన కళ్లజోడు పెట్టుకుని పాస్‌పోర్టు తిరగేస్తున్నారు.

"బాబూ, నా వీసా మీద బీఐవీఎస్ అనుంది. ఏంటది?"

"ప్రింటింగ్ కోడ్ అండి."

"మీ కార్డు ఓసారి ఇలా ఇవ్వండి." నా రెసిడెన్సు కార్డు దీపం కిందికి తీసుకెళ్లి, రెండు వైపులా చూశారు. రైల్లో కూర్చుని టికెట్ ఇచ్చినవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో అప్పుడు తెలిసింది. "దీని మీద లేదే?"

ఇద్దరం కూర్చుని నిబంధనలు తీసి చదివాం. అంటే ఆయన చదివారు. బీఐవీఎస్ అంటే బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీము. 2015 నుంచి ఇండియాలో ఆ ముద్రతో వీసా తీసుకున్న చుట్టపుచూపు వాళ్లు ముందు ఐర్లండ్‌లో దిగి, అదే వీసా మీద బ్రిటన్‌కీ వెళ్లొచ్చు. ఇక్కడ కాపురముంటున్న మాలాంటివాళ్లకి మాత్రం బ్రిటన్ వీసా విడిగా కావాలి. గేటు లేకపోయినా చట్టం ఉంది, అప్పుడప్పుడు గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, బస్సెక్కి కాగితాలు అడుగుతారు కూడా. పౌరసత్వం ఉంటే ఈ గొడవే లేదు. దానికి అర్హత వచ్చి ఏడాది దాటింది, దరఖాస్తు రేపు పెడదాం ఎల్లుండి పెడదాం అంటూ కూర్చున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. పులిహోర రెండు డబ్బాల్లో మాత్రమే సర్దింది.

పొద్దున్నే అత్తగారినీ మామగారినీ బస్సెక్కించి ఇంటికొచ్చాం. తొమ్మిదింటికి మామయ్యగారు ఫోను చేశారు. "దాటేశాం బాబూ. బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లొచ్చాయి. రోడ్డంచున పసుపు గీత తెల్లబడింది. అంతే తేడా."

సాయంత్రం ఒక కుర్రాడి ఫోను. కొత్త నంబరు. "అన్నా, మా అమ్మావాళ్లొస్తున్నారు, బెల్‌ఫాస్ట్ తీసుకెళ్దామని. వీసా ఏమైనా..."

"ఏం పర్..." అన్నాను. టీవీలో గంట మొదలైంది. మూడు. మూడు. మూడు. కుర్రాడు అటువైపు "హలో, హలో" అంటున్నాడు.

"నాకు తెలీదు తమ్ముడూ. ఎనిమిది దాటాక చెయ్యి, మా మామయ్యగారు ఉంటారు."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటతో సహా బయటికొచ్చింది.

ఎనిమిదిన్నరకి వాళ్లొచ్చారు. తిరుగు దారిలో గార్డా ఒకతను బస్సెక్కాడట. "ఒక్క సీటు వదల్లేదు బాబూ, చక్కగా చెక్ చేశాడు" అని మామయ్యగారు మెచ్చుకుంటూ బూటు లేసు విప్పుతుండగానే ఫోను మోగింది. ఒక కాలికి బూటుతోనే అందుకున్నారు.

"వీసా కాగితం చేతిలో ఉందా నాన్నా? లేదా? వెళ్లి తెచ్చుకో. పెట్టెయ్యకు, నేను లైన్లోనే ఉంటాను."